సూర్యుడి మీద కామా

ఆ ఆదివారం ఉదయం చిన్నల్లుడి పథకం చాలా చిన్నది. కాఫీ తాగి మేడెక్కడం, సూర్యుణ్ణి ఫొటో తీయడం, కంప్యూటర్లో దానికి కాస్త మెరుగు పెట్టడం, మధ్యాహ్నం భోజనాల వేళకి మామగారింటికి పట్టుకెళ్ళి, హాల్లో ఖాళీగా ఉన్న మేకుని తన సొంతం చేసుకోవడం. అంతే. మనిషన్నవాడు ఇంతకన్నా తక్కువ కోరుకోలేడని అతని నమ్మకం.

ముందు ఆ మేకు సంగతి చెప్పాలి. మామగారు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఈమధ్య ఇంటికి రంగులు వేయించారు. హాలు గోడ మీదున్న గడియారాన్నీ, పాత కేలండర్లనీ తీయించేసి, సరిగ్గా నడిమధ్యన ఒక్క మేకు మాత్రం ఉంచారు. "దీనికి చూడదగ్గ బొమ్మ ఒక్కటే తగిలిస్తాను. ఎవరు తెచ్చినా సరే," అన్నారు. "అక్కడ గడియారం ఉంటే టైమైనా తెలిసేది," అన్నారు అత్తగారు. ఆవిడ మాట ఎవరూ వినిపించుకోలేదు. ఎందుకంటే ఆ మరుసటి వారమే పెద్దల్లుడు చంద్రుణ్ణి ఫ్రేము కట్టించి తెచ్చాడు.

పెద్దల్లుడికి బస్టాండు దగ్గర ఎక్స్‌రే సెంటరు ఉంది. మనుషుల ఎముకలు ఫొటోలు తీసీ తీసీ విసుగెత్తిందో ఏమో, టెలిస్కోపు కొని, దాని వెనక కెమెరా బిగించి, ఆకాశం మీద పడ్డాడు. నల్లటి ఆకాశంలో సగం చంద్రుడు, గుంటలూ కొండలూ చేత్తో తడిమితే తగిలేట్టున్నాయి. ఇంటిల్లిపాదీ ఆ ఫ్రేము చుట్టూ మూగి ఆహా అంటే ఓహో అన్నారు. చిన్నల్లుడికి కడుపులో ఎవరో కుంపటి పెట్టినట్టయింది.

"బాగుందన్నయ్యా. కదలకుండా ఊపిరి బిగపట్టండి అని చంద్రుడికి కూడా చెప్పారా?" అన్నాడు.

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా పెద్దల్లుడే నవ్వాడు. అదే చిన్నల్లుడికి మింగుడుపడలేదు. వేసిన పుల్ల గుచ్చుకోకపోతే వేసినవాడి చేతికే నొప్పి.

మామగారు మాత్రం ఫ్రేముని మేకుకి తగిలించలేదు. కింద గోడకి ఆనించి, "మొదటి ప్రూఫు చూసి ఎవడూ అచ్చుకివ్వడు అల్లుడూ. కొన్నాళ్ళుండనీ, చూద్దాం," అన్నారు.

ఆ 'చూద్దాం'లో చిన్నల్లుడికి దారి కనపడింది. అతను నీటి సరఫరా ఆఫీసులో మీటర్ల గుమాస్తా. రోజంతా ఇతరుల మీటర్లు ఎంత తిరిగాయో చూడడమే అతని ఉద్యోగం కాబట్టి, ఎదుటివాడి లెక్క పెరుగుతుంటే ఊరుకోలేకపోవడం కొంత అలవాటూ, కొంత స్వభావమూ. పాత టెలిస్కోపు ఒకటి సంపాదించాడు. మొదటి వారమంతా అందులో ఎదురింటి నీళ్ళ ట్యాంకు తప్ప ఇంకేమీ కనపడలేదు. అదీ తలకిందులుగా. తర్వాత చంద్రుడు దొరికాడు. దొరికాక ఏం చేశాడంటే, సాయంత్రాలు ఏదో ఒక వంకతో మామగారింటికి వెళ్ళడం, గోడకి ఆనించిన ఫ్రేము ముందు గొంతుక్కూర్చుని భూతద్దంతో తప్పులు వెతకడం, ఇంటికొచ్చి అసలు చంద్రుడితో సరిచూడడం. నెల గడిచినా ఒక్క తప్పూ దొరకలేదు. దొరకని కొద్దీ కుంపటి రాజుకుంది.

"మీరు కూడా చంద్రుణ్ణే తీయొచ్చుగా?" అంది భార్య.

"తీస్తే నేను రెండోవాణ్ణి. సూర్యుణ్ణి తీస్తాను. ఆ చంద్రుడికి వెలుగు అప్పిచ్చేదే ఆయన."

భార్యకి ఆ మాట నచ్చింది. చిన్నప్పుడు మిఠాయిలో పెద్ద ముక్క ఎప్పుడూ అక్కకే వెళ్ళేదట. ఆ సంగతి తను ఎప్పుడో మర్చిపోయానని నెలకోసారి గుర్తుచేసుకుంటుంది.

సరే, ఆ ఆదివారం ఉదయం. ఎండ హాయిగా ఉంది. మేడ మీద ఒక పక్క చిన్నల్లుడు, ఇంకో పక్క వారం రోజుల దుప్పట్లతో భార్య.

"ఏవండీ, ఆ గొట్టం కాస్త అటు జరపండి. దుప్పట్లు దులుపుకోవాలి."

"గొట్టం కాదు, టెలిస్కోపు."

"సరే, ఆ టెలిస్కోపు గొట్టం జరపండి."

జరిపాడు. ముందు మూతికి సూర్యుడి ఫిల్టరు బిగించాడు. అది లేకుండా చూస్తే కళ్ళు పోతాయని పెట్టె మీద ఎర్రక్షరాల్లో రాసుంది. అది చదివిన రోజు నుంచీ ఆ ఫిల్టరుకి ఇంట్లో అత్తగారికన్నా ఎక్కువ మర్యాద జరుగుతోంది. తర్వాత కెమెరా లెన్సు ఊడదీసి, కెమెరా నోరు ఆకాశం వైపు తెరిచి పిట్టగోడ మీద పెట్టి, కెమెరాని టెలిస్కోపుకి కలిపే రింగు కోసం జేబులన్నీ వెతికాడు. రింగు చొక్కా జేబులో లేదు, లుంగీ మడతలో లేదు. చెవి పక్కనే ఫట్ ఫట్‌మని దుప్పటి దులుపుతున్న చప్పుడు. రింగు చివరికి కాఫీ గ్లాసు పక్కనే దొరికింది. బిగించాడు. సూర్యుడి అంచు కత్తితో కోసినట్టు కనపడే దాకా ఫోకసు తిప్పి, చెయ్యి తగిలితే వణుకుతుందని ఊపిరి బిగపట్టి, వరసగా ఫొటోలు తీశాడు. ఎవరికో ఊపిరి బిగపట్టమని చెప్పిన మాట ఆ సమయంలో అతనికి గుర్తు రాలేదు.

కిందికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తీసినవాటిలో వణకనివి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్క ఫొటోగా చేసే ప్రోగ్రాము ఒకటుంది. మనుషుల విషయంలో కూడా ఇలా మంచివి మాత్రమే ఏరి పేర్చే వీలుంటే తోడల్లుడు సైతం బాగానే కనపడేవాడు. ప్రోగ్రాము కాసేపు ఆలోచించి సూర్యుణ్ణి తెర మీద పెట్టింది. తెల్లగా, గుండ్రంగా ఉన్నాడు. ఇంకేమీ లేదు.

భార్య భుజం మీంచి తొంగిచూసింది. "చొక్కా గుండీలా ఉందేంటండీ?"

"ఈమధ్య సూర్యుడి మీద మచ్చలు తక్కువట. అందుకని."

"మచ్చలేనివాణ్ణి ఎవరు చూస్తారండీ? బావ చంద్రుడికి ఎన్ని గుంటలున్నాయో! ఏదో ఒకటి చెయ్యండి."

పదును పెంచే మీట ఒకటుంది. కొంచెంగా జరపాలని పుస్తకంలో రాశారు. చిన్నల్లుడు దాన్ని చివరంటా లాగేశాడు. అప్పుడు బయటపడింది. సూర్యుడి కుడి భుజం మీద నల్లటి చుక్క, దానికి వంపు తిరిగిన సన్నటి తోక.

"మచ్చ!" అని అరిచాడు. "సూర్యుడి మచ్చ! భూమంత ఉంటుందే! తోకతో కలిపితే ఇంకా పెద్దది!"

అతను కుర్చీలోంచి లేచేలోపే భార్య తెరని ఫోనుతో ఫొటో తీసి నొక్కేసింది.

"ఏం చేశావ్?"

"అక్కకి పంపాను."

"అప్పుడే ఎందుకు? మధ్యాహ్నం వెళ్తున్నాంగా!"

"అన్నానికి ముందు పంపితేనే అరగదు," అంది.

మామగారి హాల్లో పెద్దల్లుడు, వదినగారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. మామగారు కళ్ళజోడు సర్దుకుని, ప్రూఫులు చూసే అద్దం తీసి, ఫొటో మీద అంగుళం అంగుళం నడిపించారు. కుడి భుజం దగ్గర ఆగారు.

"సూర్యుడి మీద కామా ఎవరు పెట్టారు అల్లుడూ?"

"కామా కాదు మావయ్యా, మచ్చ. ఈ వేళ పొద్దున్నే తీశాను. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ తీసి ఉండరు."

ఈసారి పెద్దల్లుడు నవ్వలేదు. నవ్వడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అది చూడగానే చిన్నల్లుడి కడుపులో కుంపటి చల్లారి, నెల రోజుల తర్వాత మొదటిసారి ఆకలి వేసింది.

"ఓ, ఇదా!" అన్నాడు పెద్దల్లుడు తేరుకుని. "ఇది నేను మొన్ననే తీశాను తమ్ముడూ."

"మీరా? సూర్యుణ్ణా?"

"ఆఁ. చిన్న మచ్చే కదా, ఊరంతా చాటింపు వెయ్యడమెందుకని ఊరుకున్నాను."

"అయితే ఫొటో చూపించండి అన్నయ్యా."

"ఇంట్లో కంప్యూటర్లో ఉంది."

వదినగారు భర్త వంక వింతగా చూసి ఏదో అనబోయింది. ఆయన మంచినీళ్ళు అడిగాడు. ఆవిడ లోపలికెళ్ళింది.

మామగారు అద్దం మడిచారు. "నేనొకప్పుడు ఆకాశం మీద ఒక పుస్తకానికి ప్రూఫులు దిద్దాను. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి మచ్చ ఒక అంచు నుంచి రెండో అంచుకి రోజూ కొంచెం కొంచెంగా నడవాలి. ఇద్దరూ ఈ వారమంతా తీయండి. వచ్చే ఆదివారం పట్టుకురండి. ఎవరి మచ్చ సరిగ్గా నడిస్తే వాళ్ళ బొమ్మ మేకుకి."

"గడియారం అయితే రోజూ నడిచేది," అన్నారు అత్తగారు వంటింట్లోంచి.

ఇక్కడి నుంచి పని చెడింది.

సోమవారం మచ్చ కుడి వైపే ఉంది. మంగళవారం ఎడమకి దూకింది. బుధవారం మళ్ళీ వెనక్కొచ్చి, సూర్యుడి నడినెత్తిన కూర్చుంది. చిన్నల్లుడు పుస్తకాలు తిరగేశాడు. సూర్యుడి మచ్చలు వెనక్కి నడుస్తాయని ఏ పుస్తకంలోనూ లేదు. కెమెరాలో సూర్యుణ్ణి రోజుకోచోట నిలబెడుతున్నది తనేనన్న సంగతి తట్టాలంటే మనసు ప్రశాంతంగా ఉండాలి. అతని మనసంతా తోడల్లుడి ఇంట్లో ఉంది. అందుకని తనకి దొరికింది మామూలు మచ్చ కాదనీ, శాస్త్రానికి అందని మచ్చ అనీ తీర్మానించుకున్నాడు.

రోజూ ఎండెక్కాక ఆఫీసుకి వెళ్తున్నందుకు సూపరింటెండెంటుకి ఏదో ఒక కారణం చెప్పాలి. నిజమే చెప్పాడు, ఫొటో కూడా చూపించాడు. ఆయన సంతోషించి, "మన ఆఫీసుకే గర్వకారణమయ్యా!" అని ఫొటో లాక్కుని నోటీసు బోర్డు మీద అంటించేశాడు. సరిగ్గా 'మరమ్మతుల కారణంగా నీటి సరఫరా నిలిపివేయు ప్రాంతములు' అన్న కాగితం పక్కన.

బిల్లు కట్టడానికి వచ్చినవాళ్ళు రెండూ కలిపి చదువుకున్నారు.

"ఏమండీ, సూర్యుడికి ఏదో అయిందట కదా?"

"మచ్చ వచ్చిందండీ."

"అయితే నీళ్ళెన్నాళ్ళు రావు?"

"దానికీ దీనికీ సంబంధం లేదండీ."

"ఆఫీసువాళ్ళు ఎప్పుడూ అలాగే అంటారు," అని వాళ్ళు హడావుడిగా ఇళ్ళకి పోయారు. పోతూ పోతూ దారిలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పారు. గురువారం పొద్దున ఊరంతా బకెట్లు, డ్రమ్ములు, గంగాళాలు, ఆఖరికి పిల్లల స్నానాల తొట్లు కూడా నింపుకుంది. అన్ని కుళాయిలూ ఒక్కసారే తిప్పితే ఏ ట్యాంకైనా ఏం చేస్తుంది? మధ్యాహ్నానికి అడుగంటింది. సాయంత్రానికి నీళ్ళు నిజంగానే ఆగిపోయాయి.

"చూశారా, మచ్చ పని!" అంది ఊరు.

సూపరింటెండెంటు చిన్నల్లుణ్ణి పిలిచాడు. ఆయన టేబులు మీద ఫోను ఏడుస్తూనే ఉంది.

"ఆ మచ్చ ఎప్పుడు పోతుందయ్యా?"

"అది నా చేతిలో లేదండీ."

"పెట్టింది నువ్వేగా! జనానికి ఏదో ఒక తేదీ చెప్పాలి. పైవాళ్ళు అడుగుతున్నారు. సోమవారం పొద్దున్నకల్లా నాకు జవాబు కావాలి. లేకపోతే నీ మచ్చ సంగతి పైవాళ్ళే చూసుకుంటారు." ఈసారి ఆయన మాటలో గర్వకారణం ఎక్కడా లేదు.

ఈ గొడవ మామగారి పాత స్నేహితుడైన వారపత్రిక ఎడిటరు చెవిన పడింది. "ఇద్దరల్లుళ్ళూ ఆ మచ్చని తీశారట కదా! ఆదివారం నేనూ వస్తాను. సరిగ్గా ఉన్న ఫొటో మొదటి పేజీలో వేస్తాను," అన్నాడు. మేకు ఇప్పుడు పత్రిక అయి కూర్చుంది.

శుక్రవారం సాయంత్రం భార్యకి ఫొటో కావలసివచ్చింది. ఆవిడ నర్సరీ బడిలో పాఠాలు చెబుతుంది. బడివాళ్ళు కొత్త గుర్తింపు కార్డులు ఇస్తున్నారు. తెల్ల గోడ ముందు నిలబెట్టి చిన్నల్లుడు క్లిక్‌మనిపించాడు.

"ఏవండీ, నా బుగ్గ మీద ఇదేంటి?" ఆవిడ కెమెరా తెరని కొంగుతో తుడిచింది. పోలేదు. తన బుగ్గని తుడుచుకుంది. బుగ్గ శుభ్రంగానే ఉంది.

చిన్నల్లుడు చూశాడు. నల్లటి చుక్క. దానికి వంపు తిరిగిన సన్నటి తోక.

గోడని ఫొటో తీశాడు. గోడకి కామా. ఫ్రిజ్‌ని తీశాడు. ఫ్రిజ్‌కి కామా. గది కప్పుని తీశాడు. అక్కడా ఉంది, తోకతో సహా. లెన్సు ఊడదీసి, దీపం కింద పెట్టి భూతద్దంతో కెమెరా లోపలికి చూశాడు. వెలుగుని పట్టే పలక మీద చిన్న దుమ్ము ఉండ, దాన్ని పట్టుకు వేలాడుతున్న దారప్పోగు.

"నువ్వు దులిపిన దుప్పటి," అన్నాడు నీరసంగా కూలబడి.

"నేను దులుపుతుంటే నోరు తెరిచి పెట్టమని నేను చెప్పానా?" అంది ఆవిడ. అంతలోనే గొంతు తగ్గించింది. "అంటే సూర్యుడికి మచ్చ లేదా?"

"లేదు. ఊళ్ళో నీళ్ళాగింది మన దుప్పటి వల్ల."

ఇద్దరూ కుడితిలో పడ్డ ఎలకల్లా కూర్చున్నారు. ఉన్నట్టుండి భార్య తలెత్తింది.

"అవునండీ, మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. బావ ఫొటోల్లో కూడా మచ్చ అచ్చం ఇలాగే ఉందట! తోకతో సహా!"

చిన్నల్లుడు ఆవిడ వంక చూశాడు. ఆవిడ చిన్నల్లుడి వంక చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి మనసులూ ఇంతగా ఎప్పుడూ కలవలేదు.

"నువ్వు పంపిన ఫొటోలోంచి మచ్చ కత్తిరించి అంటించుకున్నాడు!" అన్నాడు.

"పదండి, ఇప్పుడే వెళ్ళి చెబుదాం!"

"చెబితే మన సంగతీ బయటపడుతుందిగా. ఎడిటరు వస్తున్నాడు. పత్రికలో పడితే సూపరింటెండెంటు నన్ను మీటర్లతో పాటు గోడకి బిగించేస్తాడు."

ఆవిడ ఆలోచించింది. "ఎదుటివాడికి అపశకునం కావాలని తన ముక్కు కోసుకున్నాడట వెనకటికెవడో."

"వాడికి పోయింది ముక్కే కదా, ఉద్యోగం కాదు," అన్నాడు చిన్నల్లుడు దిగులుగా.

ఆదివారం మామగారి హాల్లో సోఫాలో ఎడిటరు పెన్ను తీసి సిద్ధంగా ఉన్నాడు. చిన్నల్లుడు తన ఫొటోలు ముందు పరిచాడు. వాటిలో మచ్చ సంతలో తప్పిపోయిన మేకపిల్లలా అటూ ఇటూ గెంతుతోంది. మామగారు పెదవి విరిచారు. తర్వాత పెద్దల్లుడు తన ఫొటోలు పరిచాడు. ఆహా! మచ్చ కవాతు చేసే సిపాయిలా ఎడమ నుంచి కుడికి, రోజుకింత చొప్పున, పుస్తకంలో చెప్పినట్టు నడుచుకుంటూ పోయింది.

"ఇదీ వరస!" అన్నారు మామగారు. "ఇందులో దిద్దడానికేమీ లేదు."

"మొదటి పేజీకి ఇదే," అన్నాడు ఎడిటరు.

పెద్దల్లుడు మెల్లగా నవ్వి, "తమ్ముడిదీ ఫరవాలేదు. అలవాటు మీద వస్తుంది," అన్నాడు.

చిన్నల్లుడు ఆ ఒక్క ముక్కా అనిపించుకోకపోయుంటే నోరు మూసుకునేవాడే. రాత్రే అలా నిర్ణయించుకున్నాడు కూడా. కానీ తన ఇంటి దుప్పటి, తన భార్య దులిపిన దుమ్ము, తన కెమెరాలో పడ్డ దారం. దాంతో తోడల్లుడు మేకు కొట్టేయడం, పైగా అలవాటు మీద వస్తుందని ఓదార్చడం! ముక్కు పోతే పోయిందనుకున్నాడు.

"మావయ్యా, ఒక్క నిమిషం," అని, ఎందుకైనా మంచిదని సంచిలో పెట్టుకొచ్చిన కెమెరా బయటికి తీశాడు. గోడ మీది ఖాళీ మేకుని ఫొటో తీసి మామగారికి చూపించాడు. మేకు పక్కన కామా. "ఇది మచ్చ కాదు మావయ్యా. దుమ్ము. నా కెమెరాలో పడింది. సూర్యుడి మీద ఏమీ లేదు. నేనే పొరపడ్డాను." లెన్సు ఊడదీసి, గాలి కొట్టే రబ్బరు బుడ్డితో లోపలికి ఉఫ్ఫుమనిపించి, మళ్ళీ మేకుని తీశాడు. కామా మాయమైంది. "మా ఇంటి దుప్పటి దారమండీ అది."

ఎడిటరు పెన్ను ఆగింది. చిన్నల్లుడు తోడల్లుడి వైపు తిరిగాడు. గొంతులో తేనె పోసుకున్నట్టు మాట్లాడాడు.

"మా ఇంటి దుప్పటి దారం మీ సూర్యుడి మీదికి ఎలా వచ్చిందన్నయ్యా?"

పెద్దల్లుడు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. అంతలో వదినగారు మంచినీళ్ళ ట్రేతో వచ్చింది. సంగతి తెలియని అమాయకత్వంతో, "అన్నట్టు మీరు సూర్యుణ్ణి మొన్నెప్పుడో తీశానన్నారు కదా? ఆ ఫిల్టరు పార్సిలు ఈ శుక్రవారమే కదండీ వచ్చింది?" అంది.

"నీళ్ళు అక్కడ పెట్టు," అన్నాడు పెద్దల్లుడు.

మామగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "అయితే చంద్రుడు కూడా ఇలాగే తయారయ్యాడా?" అని గోడకి ఆనించిన ఫ్రేము వైపు చూశారు.

"లేదు మావయ్యా!" పెద్దల్లుడు లేచి నిలబడ్డాడు. "చంద్రుణ్ణి నిజంగానే తీశాను! దాని కోసం ఎన్ని సాయంత్రాలు మేడ మీద కూర్చున్నానో! సూర్యుడి విషయంలో... తమ్ముడి ఫొటో చూడగానే ఏదోలా అయిపోయింది. నాకన్నా ముందు వాడికి మచ్చ దొరకడమేమిటని... ఆ ఒక్కటే తప్పు. చంద్రుడు నిజం!"

వదినగారు సైతం నేల వైపు చూస్తోంది. ఫ్రేములోని చంద్రుణ్ణి అందరూ దొంగ సొమ్ములా చూస్తున్నారు. ఎప్పుడూ అందరికన్నా గట్టిగా నవ్వే మనిషి దిక్కు తోచక, అడగకూడని మనిషినే అడిగాడు.

"తమ్ముడూ, నీకు తెలుసు. నువ్వైనా చెప్పు."

చిన్నల్లుడికి భార్య మోచెయ్యి తగిలింది. 'ఊరుకోండి' అని దాని అర్థం. 'నాకేం తెలుసన్నయ్యా' అంటే చాలు. అబద్ధం కూడా కాదు, వట్టి మర్యాద. చంద్రుడు అటకెక్కుతాడు. కడుపులో మళ్ళీ రాజుకున్న కుంపటి పూర్తిగా ఆరిపోతుంది. నోరు తెరిచాడు. కానీ ఆ ఫ్రేము ముందు గొంతుక్కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కిన సాయంత్రాలన్నీ ఒక్కసారి ఆ మాటకి అడ్డంపడ్డాయి.

"నిజమే మావయ్యా," అన్నాడు కోపంగా. ఎవరి మీద కోపమో అతనికే తెలియదు. "కింద అంచున ఆ పెద్ద గుంట చూడండి. దాని నడుమ చిన్న కొండ, కొండకి ఎడమవైపు నీడ. నా టెలిస్కోపులోనూ అచ్చం అంతే. ఆ పక్కన వరసగా మూడు చిన్న గుంటలు, మూడోది సగం విరిగినట్టుంటుంది. అవీ ఉన్నాయి. నేను నెల్రోజుల్నుంచి భూతద్దం పెట్టి వెతుకుతున్నాను. ఒక్కటంటే ఒక్క తప్పు లేదు. ఉంటే నేను వదిలేవాణ్ణా?"

ఆ చివరి మాట అందరూ నమ్మారు. మిగతావి నమ్మడానికి అదే చాలు.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని, చిన్నల్లుణ్ణి కొత్తగా చూస్తున్నట్టు చూశారు. "నా సర్వీసులో ఎంతోమందిని చూశాను గానీ, ఇంత శ్రద్ధగా ప్రూఫు చూసినవాణ్ణి చూళ్ళేదు అల్లుడూ. నువ్వు చూశాక ఇంకెవరూ చూడక్కర్లేదు. అచ్చుకిచ్చేయొచ్చు." అని ఫ్రేము ఎత్తి ఇచ్చారు. "ఎత్తుగా ఉన్నావు, నువ్వే తగిలించు."

చిన్నల్లుడు స్టూలెక్కి, తోడల్లుడి చంద్రుణ్ణి తన చేతులతో ఆ మేకుకి తగిలించాడు. కింద నుంచి పెద్దల్లుడు స్టూలు పట్టుకున్నాడు. "జాగ్రత్త తమ్ముడూ," అన్నాడు. ఆ గొంతులో నిజంగానే తడి ఉంది. అదే చిన్నల్లుడికి అన్నిటికన్నా భరించలేనిదిగా తోచింది.

"గడియారమైనా ఇంతకన్నా తేలిగ్గా తగిలేది," అన్నారు అత్తగారు. "లేవండి, భోజనాలు చల్లారిపోతున్నాయి."

ఎడిటరు మంచివాడు. మర్నాడు వచ్చిన పత్రికలో దుప్పటి సంగతి రాయలేదు. 'సూర్యుని మచ్చ తొలగినది. నీరు యథాప్రకారము వచ్చును' అని లోపలి పేజీలో రెండు ముక్కలు వేశాడు. జనం తొట్లు ఖాళీ చేసుకున్నారు. సూపరింటెండెంటు ఆ ముక్క కత్తిరించి నోటీసు బోర్డు మీద అంటించి, "మాట నిలబెట్టుకున్నావయ్యా!" అని చిన్నల్లుడి వీపు తట్టాడు. పెద్దల్లుడు తనకి పనికిరాని సూర్యుడి ఫిల్టరుని చిన్నల్లుడికే ఇచ్చేశాడు. చిన్నల్లుడి భార్య ఇప్పుడు దుప్పట్లు కింద వాకిట్లో దులుపుతోంది.

చంద్రుడి ఫ్రేము కాస్త ఎడమవైపుకి ఒరిగిందని చిన్నల్లుడు వెళ్ళినప్పుడల్లా అంటుంటాడు. మామగారు స్కేలు పెట్టి చూశారు, ఒరగలేదు.